కుడికి వాలిన జెండా

"పదమూడు కేజీల బాక్సు దొరుకుతుందా?"

మదనపల్లె టమోటా మార్కెట్లో ఏ మండీలోనూ అలాంటి బాక్సు ఉండదు. అందుకే ఆ ప్రశ్నని సంకేతంగా పెట్టుకున్నారు. విక్టర్ టీ గ్లాసు బల్ల మీద పెట్టి, తల తిప్పకుండానే జవాబిచ్చాడు.

"పదమూడు లేదండీ. పన్నెండున్నర కావాలంటే చూద్దాం."

పక్కన నిలబడిన మనిషి నవ్వలేదు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, చేతిలో చీటీల కట్ట. చూసినవాళ్లెవరైనా పాత మండీ యజమాని అనుకుంటారు. ఆయన పేరు భీమరావు. దక్షిణాదిలో పనిచేసే గూఢచారులందరికీ ఆయనే చీఫ్. ఆ సంగతి తెలిసినవాళ్లు దేశం మొత్తం మీద పదిమంది ఉంటారేమో.

"నడుద్దాం," అన్నాడాయన.

ఉదయం ఏడు గంటలు. వేలం పాటల అరుపులు, లారీల హారన్లు, బాక్సులు ఒకదానిమీద ఒకటి పడే చప్పుడు. ఈ గోలలో ఎంత ఖరీదైన మైక్రోఫోన్ పెట్టినా ఒక్క మాట చిక్కదు. భీమరావు బ్రీఫింగ్‌కి ఈ చోటు ఎంచుకున్నది అందుకే.

"సరిహద్దులో యుద్ధం మూడో వారంలో పడింది. రెండు వైపులా ఒకే దేశం అమ్మిన ఆర్మర్డ్ వెహికల్స్. ఒకే మోడల్. థర్మల్ కెమెరాలో చూస్తే మనదేదో వాళ్లదేదో తేడా తెలియదు."

"తెలుసు," అన్నాడు విక్టర్.

విక్టర్‌కి ఎలా తెలుసో భీమరావుకీ తెలుసు. విక్టర్ తమ్ముడు జేసన్ అలాంటి బండిలోనే గన్నర్. రెండేళ్ల క్రితం, ఇలాంటిదే ఇంకో ఘర్షణలో, ఆ బండికి పెయింటుతో వేసిన గుర్తు మీద బురద పడింది. కాల్చింది మనవాళ్లే. విక్టర్ ఆ మాట ఇంతవరకూ ఎవరితోనూ పైకి అనలేదు.

"ఈసారి పెయింటు కాదు, గుడ్డ," అన్నాడు భీమరావు. "సన్నటి లోహపు పోగుతో నేసిన ఖాకీ గుడ్డ. కంటికి మామూలు గుడ్డే. థర్మల్ కెమెరాలో చూస్తే మాత్రం ఆ పోగు ఉన్నచోట నల్లటి గుర్తు కనిపిస్తుంది. ఒక నిలువు గీత, దాని కొస నుంచి కుడికి వాలిన చిన్న జెండా. ఆ జెండా ఉంటే మన బండి. లేకపోతే కాల్చవచ్చు."

"ఎక్కడ నేయించారు?"

"ఇక్కడే, నీరుగట్టువారిపల్లెలో. ఆ పోగు పవర్‌లూమ్ మీద తెగిపోతోంది. పట్టుచీరకి జరీ ఎక్కించే చెయ్యి కావాల్సి వచ్చింది. గురప్ప అనే పెద్దాయన నేశాడు. నూట నలభై గుడ్డలు వెళ్లిపోయాయి. ఎల్లుండి తెల్లవారి ఐదింటికి నూట నలభై బండ్లు నది దాటతాయి."

"లీక్ ఎక్కడ?"

"మగ్గం దగ్గరే. కిషోర్ అని ఒకడు జరీ కంపెనీ మనిషినని చెప్పుకుని వెళ్లాడు. ఫోనుకి థర్మల్ లెన్స్ తగిలించి ఫోటో తీశాడు. ఆ ఫోటో నిన్ననే సరిహద్దు దాటింది. అవతలివాళ్లు అదే గుర్తు తమ బండ్లకి కట్టుకుని మన వరసలోకి నడిచి వచ్చేస్తే..."

ఆయన ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. చెయ్యాల్సిన అవసరమూ లేదు.

"గుర్తు మార్చెయ్యండి."

"మగ్గానికి కొత్త డిజైను అట్టలు కొట్టి, నేసి, పంపడానికి ఆరు రోజులు. మనకున్నది నలభై ఆరు గంటలు."

"ఇదంతా మీకు ఎవరు చెప్పారు?"

"వసుధ. బెంగళూరులో పట్టుచీరల షాపు. కిషోర్ ముఠా దగ్గర జీతం తీసుకుంటుంది. మన దగ్గరా తీసుకుంటుంది."

"ఇంతకీ ఎవరి మనిషి?"

"నిన్నటిదాకా మన మనిషే," అన్నాడు భీమరావు. "నువ్వు మగ్గం చూసిరా. వాళ్లకి సరిగ్గా ఏం దొరికిందో నాకు కావాలి."

*

మునెమ్మ గడపలోనే నిలబడి విక్టర్‌ని పైనుంచి కిందిదాకా చూసింది. మెడలో ఐడీ కార్డు, చంకలో ఫైలు, చెవిలో వినికిడి యంత్రం. చేనేత శాఖ ఇన్‌స్పెక్టర్ వేషం. వినికిడి యంత్రంలో వినిపించేది భీమరావు గొంతు.

"మీరూ మగ్గం సూసేదానికేనా? నిన్నొకాయప్ప, ఈ పొద్దు ఒకామె, ఇప్పుడు మీరు. మా ఆయనకు పెండ్లి సూపులప్పుడు గూడా ఇంతమంది రాలేదు."

"ఆయన ఎక్కడున్నాడమ్మా?"

"కుప్పానికి పోయినాడు. బెంగళూరు ఆమె కారులో తీసకపోయింది. సినిమా ఆమె మాదిరి ఉండాదిలే. ఆడెవరో పెద్ద యాపారి ఉండాడంట. ఒక ఫోటో సూపిస్తాడంట. అది నీ నేతేనా, సరిగ్గా ఉండాదా అని చెప్పల్లంట. వెయ్యి గుడ్డలు ఆర్డరంట."

విక్టర్ మగ్గం దగ్గరకి వెళ్లాడు. చివరి గుడ్డ తాలూకు మూరెడు ముక్క ఇంకా బట్ట చుట్టే దోనె మీదే ఉంది. ఫోనుకి చిన్న లెన్స్ తగిలించి దానిమీద పట్టాడు. తెర మీద బూడిదరంగు, దాని మధ్యలో నల్లటి నిలువు గీత. గీత కొసన జెండా.

జెండా ఎడమకి వాలి ఉంది.

విక్టర్ లెన్స్ తుడిచి మళ్లీ చూశాడు. ఎడమే. నూట నలభై గుడ్డలు. నూట నలభై బండ్లు. మన గన్నర్లకి ఇచ్చిన కాగితంలో కుడి అని ఉంది.

"అమ్మా, గుర్తు తిరగబడింది! ఎడమకి నేశారు!"

మునెమ్మకి కోపం రాలేదు. నవ్వొచ్చింది.

"ఇన్‌స్పెక్టర్ అంటివి, ఇది తెల్దా? బట్టను బోర్లా నేస్తామప్పా. మొగం కిందికి, ఈపు పైకి. మొగం పైకి పెట్టి నేయల్లంటే తొక్కిన ప్రతిసారీ పోగులన్నీ ఎత్తల్ల. సాయంత్రానికి కాళ్లు పడిపోతాయి. నువ్వు సూస్తాండేది ఈపు. కింద దూరి సూడు, మొగం కనపడతాది."

విక్టర్ ఫైలు పక్కన పడేసి మగ్గం కిందికి దూరాడు. ఫోను పైకి పట్టాడు. జెండా బుద్ధిగా కుడికి వాలి ఉంది.

అతను అక్కడే, నేల మీద వెల్లకిలా పడుకుని, చాలా నెమ్మదిగా అన్నాడు. "సర్, విన్నారా?"

"విన్నాను." భీమరావు గొంతులో ఏదో మారింది. "కిషోర్ ఫోటో పైనుంచి తీశాడు."

"అవును సర్. వాళ్లకి దొరికింది ఎడమ జెండా."

"ఎడమ జెండా కట్టుకుని వచ్చిన ప్రతి బండీ తానెవరో తనే చెప్పుకుంటుంది. విక్టర్, మనం దీన్ని ఆపకూడదు. జరగనివ్వాలి."

"కానీ ఆ ఫోటోని ఇప్పుడు గురప్పకి చూపించబోతున్నారు," అన్నాడు విక్టర్.

మునెమ్మ దూరంగా నిలబడి, మగ్గం కింద పడుకుని తనలో తాను గొణుక్కుంటున్న ఇన్‌స్పెక్టర్‌ని జాలిగా చూసింది.

వసుధ ద్వారా తెలిసిన మిగతాది భీమరావు చెప్పాడు. కుప్పంలో ఉన్న మనిషి రాజేంద్ర అనే పేరుతో తిరుగుతున్నాడు. అసలు పేరు ఎవరికీ తెలియదు. రైల్వే స్టేషన్ దగ్గర గ్రానైట్ ఎక్స్‌పోర్ట్ ఆఫీసు అద్దెకి తీసుకున్నాడు. ఎవరినీ నమ్మడు. నేసినవాడి నోటితో వింటేగానీ గుర్తు ఖాయం చెయ్యడు. గురప్ప మాట్లాడుతున్నంతసేపూ ఫోను లైను తెరిచే ఉంటుంది. అవతలి కొసన తెలుగు తెలిసినవాడొకడు వింటూ ఉంటాడు.

"రాజేంద్రని ముందే పట్టుకుంటే?"

"వాళ్లు ఈ గుర్తు వదిలేసి ఇంకో దారి చూసుకుంటారు. అది మనకి తెలియదు. పట్టుకోవద్దు." భీమరావు గొంతు తగ్గింది. "ఇది వెనక పక్క అన్న ఒక్క మాట గురప్ప నోటి నుంచి ఆ ఫోనులోకి వెళ్లకూడదు. చివరి క్షణందాకా వచ్చినా సరే. ఎలా ఆపుతావన్నది నీకే వదిలేస్తున్నాను."

ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్న విక్టర్‌కి ఆ మాటకి అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

*

విక్టర్ వాళ్ల వెనకే పుంగనూరు దారిలో ఉండగా వసుధ మెసేజ్ పంపింది. 'పుంగనూరు బస్టాండ్ ఎదురుగా టిఫిన్. పది నిమిషాలు.'

విక్టర్ మోటార్ సైకిల్ వెళ్లేసరికి తెల్ల కారు హోటల్ ముందు ఆగి ఉంది. అతను వెనక దారిన వంటింట్లోకి వెళ్లి, ఓనరుకి కార్డు చూపించి, రెండు నిమిషాల్లో బయటికి వచ్చాడు. భుజాన తడిగుడ్డ, చేతిలో ఎంగిలి ప్లేట్ల టబ్బు.

వసుధని అతను చూడటం అదే మొదటిసారి. ముదురాకుపచ్చ పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. హోటల్లో సగం మంది ఇడ్లీ మర్చిపోయి ఆమెనే చూస్తున్నారు. ఆమె ఎదుట కిషోర్, పక్కన గురప్ప. అరవై దాటిన సన్నటి మనిషి. ఉతికిన చొక్కా, ఇస్త్రీ లేదు. దోసె ముక్కని తుంచే ముందు దాని అంచుని వేలితో తడిమి చూస్తున్నాడు.

"కిషోర్, నాకు ఫిల్టర్ కాఫీ కావాలి. ఇక్కడిది కాదు, ఆ పక్క సందులో బాగుంటుందట," అంది వసుధ.

"టైము లేదు మేడమ్."

"కాఫీ లేకపోతే తలనొప్పి వస్తుంది. తలనొప్పి వస్తే నేను ఎలా ఉంటానో మీ బాస్‌ని అడుగు."

కిషోర్ విసుక్కుంటూ లేచాడు. గురప్ప చెయ్యి కడుక్కోవడానికి వెనకవైపు కొళాయి దగ్గరకి వెళ్లాడు. విక్టర్ టబ్బుతో అతని పక్కనే నిలబడ్డాడు.

"పెద్దాయనా, తల తిప్పొద్దు. మునెమ్మగారి దగ్గర నుంచి వస్తున్నాను."

"యాల? దానికేమైంది?"

"ఏమీ కాలేదు. కుప్పంలో నీకు ఒక ఫోటో చూపిస్తారు. అది నీ బట్ట వెనక పక్క. ఆ మాట మాత్రం చెప్పొద్దు. సరిగ్గా ఉందని చెప్పెయ్."

గురప్ప చేతులు రుద్దుకోవడం ఆపాడు. "ఎనక పక్కను ముందు పక్క అని యెట్ల చెప్పేది? ఎవురప్పా నువ్వు? ప్లేట్లు ఎత్తేవాడివి, నీకు బట్ట సంగతి యాల?"

"ఆ బట్ట దేనికో నీకు తెలుసా?"

"మిలిటరీ లారీల మింద కప్పేది అన్న్యారు."

"యుద్ధం బండ్లకి కట్టేది. ఇది మనోళ్ల బండి అని మనోళ్లకి తెలిసే గుర్తు. ఇప్పుడు నిన్ను కారులో తీసుకుపోతున్నవాళ్లు ఆ గుర్తుని అవతలోళ్లకి అమ్ముతున్నారు. తిరగబడిన గుర్తే వాళ్ల దగ్గరుంది. అది అట్లాగే పోవాలి."

గురప్ప అతని మొహంలోకి చూశాడు. నమ్మినట్టు లేడు. కొళాయి నీళ్లు ధారగా పోతూనే ఉన్నాయి.

"సూడప్పా. నలభై ఏండ్లు నేసినా. నా బట్టలో తప్పుండాదని ఒక్కడన్నా వాపసు తేలేదు. బట్ట గురించి అబద్ధం చెప్పే నోరు కాదిది."

విక్టర్ కాఫీ సందు వైపు చూశాడు. కిషోర్ రెండు కప్పులతో వస్తున్నాడు.

"మా తమ్ముడు అట్లాంటి బండిలో ఉండేవాడు," అన్నాడు. "పేరు జేసన్. ఇరవై ఆరేళ్లు. వాళ్ల బండి గుర్తు మీద బురద పడింది. మనోళ్లే కాల్చేశారు."

ఆ మాట అన్నాక అతనికే తన గొంతు కొత్తగా అనిపించింది.

గురప్ప కొళాయి కట్టేశాడు. చేతులు పంచెకి తుడుచుకుని, వెనక్కి చూడకుండా కారు వైపు నడిచాడు. కిషోర్ కాఫీ వసుధకి అందిస్తూ, టబ్బు మోసుకుపోతున్న విక్టర్ వీపుని ఒకసారి చూశాడు.

*

కుప్పంలో మధ్యాహ్నం ఒంటిగంట. గ్రానైట్ ఆఫీసులో గోడలకి ఆనించిన నల్లరాతి పలకలు అద్దాల్లా మెరుస్తున్నాయి. వెనక షెడ్డులో రాయి కోసే రంపం ఆగకుండా మోగుతోంది.

విక్టర్ నీలం టోపీ పెట్టుకుని, భుజాన ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ మోసుకుంటూ లోపలికి వచ్చాడు. క్యాన్ అడుగున రెండంగుళాల దొంగ అర. అందులో సైలెన్సర్ బిగించిన పిస్టల్.

రాజేంద్ర యాభై ఏళ్ల మనిషి. బట్టతల, నున్నటి గడ్డం, చాలా మర్యాదైన గొంతు. బల్ల మీద అతని ఫోను వెల్లకిలా ఉంది. కాల్ నడుస్తున్న నిమిషాలు తెర మీద పెరుగుతున్నాయి. స్పీకర్ ఆన్.

"రండి గురప్పగారూ. కూర్చోండి. వసుధా, నువ్వు మగ్గం చూశావు కదా. ఫోటో కరెక్టేనా?"

"నాకు చీర కట్టుకోవడమే తెలుసు," అంది వసుధ. "నేసేవాళ్లని అడగండి." ఆమె హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని, దానిలో చెయ్యి పెట్టి రుమాలు వెతుక్కుంటోంది.

కిషోర్ విక్టర్‌ని కన్నార్పకుండా చూస్తున్నాడు. "ఆగు. నిన్నెక్కడో చూశాను."

గదిలో అందరూ తిరిగి చూశారు. విక్టర్ క్యాన్ కింద పెట్టలేదు.

"సూసుంటావప్పా. ఈ ఆఫీసుకు నీళ్లు వేసేది నేనే గదా. పోయిన వారం ఖాళీ క్యాన్లు రెండు వాపసు రాలేదు. మా ఓనరు నన్ను తిడతాండాడు. యాడ దాచి పెట్టినావో అది చెప్పు ముందు."

రాజేంద్ర చెయ్యి ఊపాడు. "కిషోర్, క్యాన్ల పంచాయితీ తర్వాత. కూర్చో."

విక్టర్ మూలనున్న స్టాండు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, క్యాన్ అడుగుకి వేళ్లు పోనిచ్చాడు. అర తెరుచుకుంది. అక్కడి నుంచి గురప్పకి ఆరడుగులు.

రాజేంద్ర ఫోటో బల్ల మీద పెట్టాడు. నల్లటి నిలువు గీత. ఎడమకి వాలిన జెండా.

గురప్ప కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఫోటోని చేతిలోకి తీసుకున్నాడు. కిటికీ వెలుతురుకి పట్టాడు. అతని మొహంలో విక్టర్‌కి స్పష్టంగా కనిపించింది. చూడగానే తెలిసిపోయింది అతనికి. నేసినవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది?

గురప్ప పెదవులు కదిలాయి.

"తప్పుండాది," అన్నాడు.

విక్టర్ చెయ్యి పిస్టల్ పిడి మీద బిగిసింది. సేఫ్టీ తీశాడు. ఫోను తెర మీద సెకన్లు దొర్లుతున్నాయి. రంపం ఒక్కసారిగా ఆగింది. ఆ నిశ్శబ్దంలో అవతలివాడి ఊపిరి కూడా స్పీకర్లోంచి వినిపించింది.

"ఏం తప్పు?" అన్నాడు రాజేంద్ర ముందుకి వంగి.

గురప్ప వెంటనే చెప్పలేదు. అతని చూపు ఫోటో మీద నుంచి లేచి, మూలన నీళ్ల క్యాన్ దగ్గర ఒక్క క్షణం నిలిచి, మళ్లీ ఫోటో మీదికి వచ్చింది.

"ఈడ సూడప్పా, ఈ కొస కాడ. ఒక పోగు తెగింది. నేను సూసుకోలేదు. ముడేసినా గాని, ముడి లావైపాయ. నలభై ఏండ్లలో..." తల దించుకున్నాడు. "సిగ్గుగా ఉండాది సార్. ఈ ఒక్కదాన్ని సూసి నా నేతంతా ఇంతే అనుకోవాకండి."

రాజేంద్ర కళ్లు చికిలించి ఆ కొసని చూశాడు. అక్కడ ఏమీ లేదు. ఉన్నా అతనికి తెలిసేది కాదు.

"అదేనా తప్పు? ఇంకేం లేదా?"

"అది సాలదా సార్?" గురప్ప గొంతులో నిజంగానే కోపం వచ్చింది. "నేసేవాడికి అంతకంటే ఏం గావల్ల?"

రాజేంద్ర నవ్వాడు. పనివాళ్ల పట్టింపులు చూసి పెద్దమనుషులు నవ్వే నవ్వు. "మిగతాదంతా మీదేగా?"

"మిగతాది నా చెయ్యే."

రాజేంద్ర ఫోను వైపు వంగాడు. "విన్నారుగా. ఖాయం చేసుకోండి."

స్పీకర్లోంచి ఒకే మాట వచ్చింది. "సరే." కాల్ ఆగిపోయింది.

విక్టర్ పిస్టల్ చొక్కా కింద దోపుకుని, అర మూసి, ఖాళీ క్యాన్ ఎత్తుకుని బయటికి నడిచాడు. వీధి చివర స్టేషన్ గోడ దగ్గర క్యాన్ దించాడు.

వసుధ కారు అతని పక్కన ఆగింది. అద్దం సగం దిగింది. గురప్ప వెనక సీట్లో కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

"మీ చెయ్యి క్యాన్ కింద బిగిసినప్పటి నుంచీ లెక్కపెట్టాను," అందామె మెల్లగా. "ఐదు లెక్కపెట్టేలోగా మీరు పెద్దాయన్ని కాల్చకపోతే, ఆ పని నన్ను చెయ్యమని భీమరావుగారి ఆర్డర్. నా బ్యాగులో ఉన్నది రుమాలు కాదు. మీరెందుకు ఆగారు?"

"పెద్దాయన మాట ఇంకా పూర్తి కాలేదు," అన్నాడు విక్టర్.

ఆమె కళ్లద్దాలు తీసింది. మొదటిసారి ఆమె వయసు కనిపించింది. "నేను నాలుగు దగ్గర ఆగి, రెండుసార్లు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను," అంది. అద్దం పైకి లేచింది.

*

మూడో రోజు ఉదయం ఆరున్నరకి వినికిడి యంత్రంలో భీమరావు గొంతు వినిపించింది.

"నూట నలభై బండ్లూ నది దాటాయి. మన వరసలో కలవడానికి ఇంకో తొమ్మిది వచ్చాయి. తొమ్మిదింటికీ జెండా ఎడమకే. మన గన్నర్లకి ముందే చెప్పి ఉంచాం."

"మనవాళ్లు?"

"మనవాళ్ల మీద మనవాళ్లు ఒక్క గుండు కూడా పేల్చలేదు."

"రాజేంద్ర?" అన్నాడు విక్టర్.

"బెంగళూరులో. రెండు రోజులుగా అతని వెనకే ఉన్న మనవాళ్లు ఐదుంపావుకి తలుపు కొట్టారు. కిషోర్ కూడా అక్కడే దొరికాడు."

విక్టర్ నేరుగా నీరుగట్టువారిపల్లె వెళ్లాడు. ఈసారి వేషం లేదు. గురప్ప అరుగు మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. లోపల గిన్నెల చప్పుడు మామూలు కంటే గట్టిగా వినిపిస్తోంది. విక్టర్ అతని పక్కన కూర్చుని, తెల్లవారి సంగతి మూడు వాక్యాల్లో చెప్పాడు.

గురప్ప విని, తల ఊపాడు. "మీ తమ్ముడు ఏ బండిలో ఉండె? ముందరి వరసా?"

"మధ్య వరస."

గురప్ప అతని భుజం మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచాడు.

"నీకేమైనా కావాలంటే అడగమన్నారు పెద్దాయనా. ప్రభుత్వం ఇస్తుంది."

"నాకేం వద్దు గాని," గురప్ప లోపలికి భయంగా చూసి గొంతు తగ్గించాడు, "పోగు తెగలేదని మీ ఇన్‌స్పెక్టర్ నోటితో ఒక మాట దానికి చెప్పిపోప్పా. రాత్రి నేనే అంతా చెప్పుకున్యా. అప్పట్నుంచి కూడు పెట్టలే."

మునెమ్మ గరిటె చేత్తో పట్టుకునే గడపలోకి వచ్చింది. ఆ మగ్గానికి నలభై ఏళ్లుగా కండెలకి పోగు చుట్టిచ్చేది ఆమే.

"దేశం బాగుపడితే సంతోషమే, ఎవురొద్దన్న్యారు?" అంది విక్టర్‌తో. "నేను సుట్టిన కండెలో పోగు తెగిందని, పరాయి దేశమోళ్లు వింటాండంగా ఫోనులో చెప్పేదానికి, ఈయప్పకు నోరెట్లా వచ్చింది?"